స్కైరిమ్ కొత్తగా మొదలుపెట్టినవారికి: రెండుసార్లు మధ్యలో వదిలేసి మూడోసారి పూర్తి చేసినవాడి జవాబు

స్కైరిమ్ అనే వీడియో గేమ్ గురించి మీరు ఒక ప్రశ్న అన్నారు గానీ అందులో ఐదు ఉన్నాయి. ఏ జాతి పాత్రను ఎంచుకోవాలి, అసలు కథ వెంట వెళ్ళాలా లేక ఊళ్ళు తిరగాలా, లెవెల్ పెరుగుతున్నా మామూలు బందిపోట్ల చేతిలో కూడా ఎందుకు చచ్చిపోతున్నాను, సంచి ఎప్పుడు చూసినా ఎందుకు నిండి ఉంటోంది, చివరగా అంతర్యుద్ధంలో ఎవరి పక్షం చేరాలి. ఈ ఆట 2011 నవంబర్ 11న విడుదలైతే, నేను 2018లో, అది కూడా స్నేహితుడు అమ్మేసిన పాత కంప్యూటర్ మీద, స్పెషల్ ఎడిషన్ అనే మెరుగుపరిచిన రూపంతో మొదలుపెట్టాను. రెండుసార్లు మధ్యలో వదిలేశాను. ఆ రెండుసార్లూ చేసిన తప్పులు మీ ప్రశ్నల్లో అచ్చంగా కనిపిస్తున్నాయి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

జాతి సంగతి తేలిక. మొత్తం పది జాతులున్నాయి, వాటి మధ్య తేడాలు మొదటి కొన్ని గంటలు మాత్రమే గట్టిగా తెలుస్తాయి. నార్డ్‌కు చలి దెబ్బలు సగమే తగులుతాయి, బ్రెటన్ మీద మంత్రాల ప్రభావం పాతిక శాతం తక్కువ, హై ఎల్ఫ్‌కు మంత్రశక్తి 50 ఎక్కువ, ఆర్గోనియన్ నీళ్ళ కింద ఊపిరి తీసుకోగలడు. పోరు కావాలంటే నార్డ్, ఏమీ తేల్చుకోలేకపోతే బ్రెటన్ అని నా సలహా. ఇదే వరుసలో దీనికి ముందు ఆటగా 2006లో వచ్చిన ఒబ్లివియన్‌లో మొదట్లోనే ఒక వృత్తిని ఎంచుకోవాల్సి ఉండేది. స్కైరిమ్‌లో ఆ బెడద లేదు, మీరు ఏ పని ఎక్కువ చేస్తే పాత్ర అదే అవుతుంది. ముఖం చెక్కడం మీద మాత్రం ఎక్కువసేపు కూర్చోకండి. నేను గంటన్నర కష్టపడి ముక్కు, దవడ సరిచేసుకున్నాక, మొదటి కోటలోనే దొరికిన ఇనుప శిరస్త్రాణం తగిలించి ఆ ముఖాన్ని మళ్ళీ చూసిందే లేదు.

ఆట మొదట్లో హెల్గెన్ అనే ఊరి నుంచి తప్పించుకునేటప్పుడు సామ్రాజ్య సైనికుడు హాద్వార్ వెంట వెళ్ళాలా, తిరుగుబాటుదారు రాలోఫ్ వెంట వెళ్ళాలా అని చాలామంది ఆగిపోతారు. అక్కడ ఎవరి వెంట వెళ్ళినా యుద్ధంలో వారి పక్షం చేరినట్టు కాదు. ఇద్దరూ మిమ్మల్ని రివర్‌వుడ్ గ్రామానికే తీసుకువెళతారు, దారిలో మూడు నిలువురాళ్ళ దగ్గర ఆగుతారు. యోధుడు, మాంత్రికుడు, దొంగ అనే ఆ మూడింటిలో ఒకదాన్ని తాకితే దానికి సంబంధించిన నైపుణ్యాలు 20 శాతం వేగంగా పెరుగుతాయి. మనసు మారితే వెనక్కి వచ్చి ఇంకో రాయిని తాకవచ్చు కాబట్టి ఇక్కడ కూడా తప్పు నిర్ణయం అంటూ ఏదీ లేదు. ఇక్కడే ఇంకో మాట. సెట్టింగులలో సంభాషణల సబ్‌టైటిళ్ళు ఉంటాయి, వాటిని తప్పకుండా పెట్టుకోండి. నార్డ్‌ల ఉచ్చారణ మన చెవులకు ఒక పట్టాన అందదు, పైగా వెనక ఫ్యాను తిరుగుతూ ఉంటే అసలే అందదు.

ఇక మీ మూడో ప్రశ్నకు వస్తాను, ఎందుకంటే నేను మొదటిసారి ఆట వదిలేసింది దానివల్లే. ఈ ఆటలో 18 నైపుణ్యాలు ఉన్నాయి. కత్తి తిప్పితే కత్తి నైపుణ్యం, డాలు అడ్డం పెడితే డాలు నైపుణ్యం, కొలిమి దగ్గర కూర్చుంటే కమ్మరం పెరుగుతాయి. వాటిలో ఏది పెరిగినా మీ మొత్తం లెవెల్ పెరుగుతుంది, మీ లెవెల్‌ను బట్టి ఎదురయ్యే శత్రువులు కూడా బలపడతారు. మెలిక ఇక్కడే ఉంది. కొలిమి దగ్గర పెరిగిన లెవెల్‌కూ, కత్తి పట్టి పెరిగిన లెవెల్‌కూ ఆట తేడా చూడదు, ఎదుట నిలబడిన బందిపోటు అంతకన్నా చూడడు. నేను ఎక్కడో చదివిన సలహా నమ్మి, వైట్‌రన్ అనే ఊరి కొలిమి దగ్గర ఒక ఇనుప కడ్డీకి ఒక తోలు పట్టీ చొప్పున కలుపుతూ వందకు పైగా బాకులు చేశాను. వాటికి మంత్రాలు ఎక్కించి, అంగడిలో అమ్మి, ఊరు దాటకుండానే పన్నెండో లెవెల్‌కు చేరుకున్నాను. అమ్మకం కూడా ఒక నైపుణ్యమే కదా, అదీ పెరిగింది. తీరా గుహలోకి అడుగుపెడితే నా కత్తి నైపుణ్యం ఇరవై కూడా దాటలేదు. ఎదురుగా వచ్చినవాడు మాత్రం పన్నెండో లెవెల్ మనిషికి తగినవాడు. ఏడుసార్లు చచ్చి ఆట మూసేశాను.

కాబట్టి మొదటి పదిహేను లెవెళ్ళ వరకు పోరుకు పనికివచ్చే రెండు మూడు నైపుణ్యాల మీదే ఉండండి. ఒక చేతి కత్తి, డాలు, బరువైన కవచం అనేవి కొత్తవారిని ఎక్కువగా క్షమించే జత. విల్లు పట్టుకుని నక్కి నడవడం ఇంకా సులభం. ఎలా మొదలుపెట్టినా చివరికి అందరూ నక్కి బాణాలు వేసేవారిగానే మిగులుతారని ఈ ఆట ఆడేవాళ్ళలో పాత హాస్యం ఒకటుంది, నా మూడో పాత్ర విషయంలో అది అక్షరాలా నిజమైంది. లెవెల్ పెరిగినప్పుడల్లా ఆరోగ్యం, మంత్రశక్తి, దమ్ము అనే మూడింటిలో ఒకదానికి పది కలుపుకోవచ్చు, వాటితోపాటు ఒక పెర్క్ పాయింటు, అంటే ఏదైనా నైపుణ్యానికి అదనపు బలం కొనుక్కునే పాయింటు, వస్తుంది. కత్తి పట్టినవారు రెండుసార్లు ఆరోగ్యానికి, ఒకసారి దమ్ముకు కలుపుకుంటూ పోతే సరిపోతుంది. పెర్క్ పాయింట్లను పది చోట్ల చల్లకండి, మీరు రోజూ వాడే ఆయుధం దగ్గరే ఖర్చు పెట్టండి. ఇంత చేసినా కష్టంగా ఉంటే సెట్టింగులలో కఠినతను ఒక మెట్టు తగ్గించుకోండి. ఆట మధ్యలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు, దానికి శిక్ష ఏమీ లేదు. లెజెండరీ అనే పై మెట్టులో శత్రువు దెబ్బ మూడింతలై, మీ దెబ్బ నాలుగో వంతుకు పడిపోతుంది. అక్కడ ఆడేవారి వీడియోలు చూసి మొదటిసారే దాన్ని పెట్టుకోవడం పౌరుషం కాదు, మొండితనం.

అసలు కథా, తిరుగుడా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది: వైట్‌రన్ పడమటి కావలిబురుజు దగ్గర మొదటి డ్రాగన్‌ను చంపేవరకు కథ వెంటే వెళ్ళండి, ఆ తర్వాత మీ ఇష్టం. కారణం సులభం. ఆ పోరు ముగిసేవరకు మీకు డ్రాగన్ ఆత్మలు అందవు, ఆత్మలు లేకపోతే గోడల మీది రాతలు చూసి నేర్చుకున్న అరుపు మంత్రాలు పనిచేయవు. దాని తర్వాత వైట్‌రన్ పాలకుడు మీకు థేన్ అనే గౌరవ పదవి ఇచ్చి, లిడియా అనే అంగరక్షకురాలిని ఇస్తాడు. కొత్తవారికి ఆమె ఒక కత్తి కన్నా విలువైనది. దీనికి ఇంకో వైపు కూడా ఉంది: ఆ పోరు జరిగేవరకు దారుల్లో డ్రాగన్లు దిగిరావు కాబట్టి, ప్రశాంతంగా తిరగాలనుకునేవారు కొందరు కావాలనే దాన్ని వాయిదా వేస్తారు. మొదటిసారికి నేనైతే అలా చెప్పను, డ్రాగన్లు లేని స్కైరిమ్ ఉప్పు వేయని పప్పులాంటిది.

ఆ డ్రాగన్ దాకా వెళ్ళాలంటే ముందు బ్లీక్ ఫాల్స్ బారో అనే కొండమీది సమాధిని దాటాలి, మీరు ఆగిపోయింది కూడా అక్కడేనని రాశారు. నిజానికి ఈ ఆటను ఎలా ఆడాలో నేర్పే పాఠశాల అదే. లోపలికి వెళ్ళగానే ఒక బందిపోటు మీ కళ్ళముందే మీట లాగి బాణాలు తగిలి పడిపోతాడు. మీరూ పరుగున వెళ్ళి అదే మీట లాగితే మీకూ అదే గతి, నేను అలాగే పోయాను. లాగే ముందు తల ఎత్తి గోడను చూడండి. పక్కన తిరిగే మూడు రాతి స్తంభాలకు సరిపోయే మూడు జంతువుల బొమ్మలలో రెండు పైన గోడకే ఉన్నాయి, మధ్యది ఊడి నేలమీద పడి ఉంది. లోపల సాలెగూడులో చిక్కుకున్న ఆర్వెల్ అనే దొంగను విడిపిస్తే కృతజ్ఞత చూపకుండా పారిపోతాడు. వాడి దగ్గరే బంగారు పంజా ఉంటుంది. చివర ఉన్న గుండ్రటి తలుపుకు మూడు వలయాలు, ఒక్కో వలయం మీద జంతువుల బొమ్మలు, నడిమధ్యలో పంజా పెట్టే చోటు. నేను రాత్రి పన్నెండు దాటేవరకు ఆ వలయాలను లెక్కవేసుకుంటూ తిప్పాను. వెనక మంచం మీద పడుకుని చూస్తున్న మా చెల్లెలు, "అన్నయ్యా, ఆ పంజానే ఒకసారి తిప్పి చూడరాదూ" అంది. ఇన్వెంటరీ అనే సంచి జాబితాలో పంజాను దగ్గరికి తెచ్చి అరచేతి వైపు తిప్పితే మూడు బొమ్మలూ వరుసగా చెక్కి ఉన్నాయి. ఆ బొమ్మలేవో ఇక్కడ రాయను, తిప్పి చూసుకోండి. ఈ ఆటలో వస్తువులను చేత్తో తిప్పి చూడవచ్చన్న సంగతి చాలామందికి తెలిసేది ఆ తలుపు దగ్గరే.

డ్రాగన్ పని అయ్యాక కొండమీది గ్రేబియర్డ్ మునులు మిమ్మల్ని పిలుస్తారు. అక్కడికి వెళ్ళేవి ఏడు వేల మెట్లని లోకంలో చెప్పుకుంటారు. ఆ దారిలో మంచు ట్రోల్ అనే మృగం ఒకటి కాపు వేసి ఉంటుంది, కొత్తవారిని అది చంపినంతగా ఇంకేదీ చంపదేమో. గాయాలు కళ్ళముందే మానిపోతుంటాయి కాబట్టి దూరం నుంచి కొంచెం కొంచెంగా బాణాలు వేస్తే లాభం లేదు. దానికి నిప్పు అంటే పడదు, ఆట మొదటి క్షణం నుంచే మీ దగ్గర మంటల మంత్రం ఉంటుంది. ఎడమచేతిలో మంట, కుడిచేతిలో కత్తి, ముందు లిడియా: ఇలా వెళితే దాటవచ్చు. మైదానాల్లో కనిపించే రాక్షసకాయుల జోలికి మాత్రం వెళ్ళకండి, వారి మేతమందల దగ్గరికి పోనంతవరకు వారు మిమ్మల్ని ఏమీ అనరు. పోతే ఒక్క గద దెబ్బకు ఆకాశంలోకి ఎగిరిపోతారు. అది వర్ణన కాదు, నిజంగానే ఎగిరిపోతారు.

సంచి విషయం. మొదట్లో మీరు 300 బరువు మోయగలరు, దమ్ము పెంచుకున్న ప్రతిసారీ ఇంకో ఐదు చేరుతుంది. అది దాటితే పరుగు ఉండదు, మ్యాప్ మీద నొక్కి ఊరికి చేరుకోవడమూ కుదరదు. ఒక వస్తువు వెల దాని బరువుకు పదిరెట్లయినా లేకపోతే ముట్టుకోకూడదన్నది నేను పెట్టుకున్న లెక్క. బకెట్లు, కంచాలు, ఇనుప కవచాలు దానితోనే తేలిపోతాయి. డ్రాగన్ ఎముక ఒక్కొక్కటి పదిహేను బరువు, అయినా వదలకండి, మంచి ధర వస్తుంది. వర్తకుల దగ్గర డబ్బు పరిమితంగానే ఉంటుంది, ఆటలో రెండు రోజులు గడిస్తే మళ్ళీ నిండుతుంది. గుహల్లో కనిపించే పెట్టెల్లో సొంత సరుకు దాచుకోకండి, కొన్నాళ్ళకు అవి మొదటికి వచ్చి మీ వస్తువులు మాయమవుతాయి. వైట్‌రన్‌లో బ్రీజ్‌హోమ్ అనే ఇల్లు ఐదు వేలకు వస్తుంది, అక్కడి పెట్టెలు భద్రం. ఒక చిన్న చిట్కా కూడా ఉంది, ఎందుకో ఎవరూ చెప్పరు. క్యాబేజీ, బంగాళాదుంప, లీక్ అనే ఉల్లిజాతి కాడ, టొమాటో కలిపి కుండలో కూరగాయల సూప్ కాచుకోండి. అది పన్నెండు నిమిషాలపాటు సెకనుకు ఒకటి చొప్పున ఆరోగ్యాన్నీ, దమ్మునూ తిరిగి ఇస్తూనే ఉంటుంది. దమ్ము ఒక్క చుక్క ఉన్నా బలమైన దెబ్బ వేయవచ్చు కాబట్టి, ఈ సూప్ తాగినవాడు అలసిపోకుండా కొడుతూనే ఉంటాడు.

రెండోసారి ఆట వదిలేసిన కారణం రెండు ముక్కల్లో చెబుతాను. ఒకే సేవ్ ఫైలు మీద మళ్ళీ మళ్ళీ రాస్తూ, ముప్పై గంటలు ఆడాక, సరిగ్గా సేవ్ అవుతున్న క్షణంలో కరెంటు పోయింది. ఫైలు మళ్ళీ తెరుచుకోలేదు. అప్పటినుంచి ప్రతి గంటకూ కొత్త సేవ్ పెట్టి, పాతవి కనీసం ఐదు ఉంచుకుంటున్నాను. ఆకలి, చలి, అలసట లెక్కించే సర్వైవల్ మోడ్ కావాలా అని ఆట అడిగితే మొదటిసారికి వద్దనండి, అందులో మ్యాప్ మీద నొక్కి ప్రయాణించే సౌకర్యం ఉండదు. అభిమానులు ఆటకు చేసే మార్పులైన మాడ్‌ల జోలికి కూడా కనీసం యాభై గంటలు ఆడాకే వెళ్ళండి.

ఇక అంతర్యుద్ధం. సామ్రాజ్య సైన్యమా, స్టార్మ్‌క్లోక్ తిరుగుబాటుదారులా అన్నది ఇప్పుడే తేల్చుకోవలసిన పని లేదు. యుద్ధం తేలకుండానే మీరు అసలు కథలో ముందుకు పోతే, ఒక చోట ఆ మునుల ఆశ్రమంలోనే ఇరుపక్షాలను సంధికి కూర్చోబెట్టవలసి వస్తుంది. ఎవరికి ఏ ఊరు పోవాలో బేరమాడేది మీరే. నేను ఆ దారిలోనే కథ పూర్తి చేశాను. ఆ సంధి అమల్లో ఉండగానే డ్రాగన్ కథ ముగిసింది, నా పాత సేవ్‌లో సామ్రాజ్య సేనాని జనరల్ టుల్లియస్, తిరుగుబాటు నాయకుడు ఉల్ఫ్రిక్ ఇప్పటికీ ఎవరి కోటలో వారు నా జవాబు కోసం ఎదురుచూస్తూ ఉన్నారు.