ఆవర్తన పట్టిక: బాణం గుర్తు తప్పే చోట్లు (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఈసారి ప్రశ్నలన్నీ తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చినవే. అడిగిన తీరు వేరైనా చాలావాటి చిక్కు ఒకటే. ఒక గుణం ఏ వైపుకు పెరుగుతుందో చెప్పడానికి పుస్తకంలో పట్టిక మీద గీసిన బాణం ఒక దిక్కు చూపిస్తుంది, మూలకం ఇంకో దిక్కుకు పోతుంది. బాణాన్ని కాకుండా దాని వెనకున్న లెక్కను పట్టుకుంటే ఆ తేడా కూడా అదే లెక్కలో ఇమిడిపోతుంది. కేంద్రకం ఎంత గట్టిగా లాగుతోంది, లోపలి ఎలక్ట్రాన్లు ఆ లాగుడును ఎంత అడ్డుకుంటున్నాయి, బయటి ఎలక్ట్రాన్ ఎంత దూరంలో ఉంది అనేవే చూడాల్సినవి.

ప్రశ్న: పీరియడ్‌లో (పట్టికలోని అడ్డు వరసలో) ఎడమ నుంచి కుడికి అయనీకరణ శక్తి (పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగేయడానికి కావాల్సిన శక్తి) పెరుగుతుందని చదివాం. మరి నైట్రోజన్ కంటే ఆక్సిజన్‌కు తక్కువ ఉందేం? ‘సగం నిండిన ఆర్బిటాళ్లకు (ఎలక్ట్రాన్లుండే అరలకు) స్థిరత్వం ఎక్కువ’ అని రాస్తే మార్కులు పడుతున్నాయి. కానీ ఆ స్థిరత్వం ఎక్కడిదో అర్థం కాలేదు.
– ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ అనుమానం సరైనదే. ఆ వాక్యం మార్కులు తెస్తుంది గానీ కారణం చెప్పదు. రెండో పీరియడ్ విలువలు వరసగా చూడండి (మోల్‌కు కిలోజౌళ్లలో): లిథియం 520, బెరీలియం 899, బోరాన్ 801, కార్బన్ 1086, నైట్రోజన్ 1402, ఆక్సిజన్ 1314, ఫ్లోరిన్ 1681, నియాన్ 2081. మొత్తం మీద ఎక్కుతూనే ఉంది. రెండు చోట్ల మాత్రం ఒక మెట్టు దిగింది. ఆ రెండు మెట్లకూ కారణాలు వేరు. విద్యార్థులు రెంటినీ కలిపి ఒకే మాటతో తేల్చేస్తుంటారు.

బెరీలియం నుంచి బోరాన్‌కు వచ్చేటప్పుడు కొత్త ఎలక్ట్రాన్ 2ఎస్‌లోకి కాక 2పి లోకి వెళుతుంది. ఈ రెండూ ఆర్బిటాళ్ల పేర్లే. 2పి శక్తిస్థాయి ఎక్కువ, పైగా 2ఎస్ ఎలక్ట్రాన్లు దానికీ కేంద్రకానికీ మధ్య కొంత తెర కడతాయి. అందుకే దాన్ని లాగేయడం తేలిక. నైట్రోజన్ దగ్గర మూడు 2పి ఆర్బిటాళ్లలో ఒక్కో ఎలక్ట్రాన్ విడివిడిగా ఉంటుంది. ఆక్సిజన్‌లో నాలుగోది వచ్చి ఒకదానితో జత కట్టక తప్పదు. ఒకే ఆర్బిటాల్‌లో ఇరుక్కున్న ఆ రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆ వికర్షణ సాయం వల్ల ఒక ఎలక్ట్రాన్ కాస్త తక్కువ శక్తికే బయటపడుతుంది. కింది పీరియడ్‌లో ఆర్బిటాళ్లు పెద్దవి, ఇరుకు తగ్గుతుంది, తేడా కూడా తగ్గుతుంది: ఫాస్ఫరస్ 1012, సల్ఫర్ 1000. ‘సగం నిండిన స్థిరత్వం’ అనే మంత్రం ఒక్కటే పట్టుకుంటే ఈ తగ్గుదల ఎందుకో చెప్పలేం.

ఈ లెక్క మీకు పట్టుబడిందో లేదో తేల్చుకోవడానికి రెండో అయనీకరణ శక్తులు చూడండి. ఒక ఎలక్ట్రాన్ పోయాక ఆక్సిజన్ అయాన్‌లో మూడు 2పి ఎలక్ట్రాన్లు విడివిడిగా మిగులుతాయి, అంటే నైట్రోజన్ అమరికే. ఫ్లోరిన్ అయాన్‌కు ఆక్సిజన్ అమరిక వస్తుంది. అందుకే రెండో విలువల్లో ఆక్సిజన్ 3388, ఫ్లోరిన్ 3374. వరస తారుమారైంది. బోరాన్ (2427), కార్బన్ (2353) మధ్య జరిగేది కూడా ఇదే బాపతు. ప్రవేశ పరీక్షల్లో చాలామంది జారిపడేది ఇక్కడే. ప్రశ్నలో ‘రెండో’ అన్న మాట కనిపిస్తే పరమాణువుకు కాదు, అయాన్‌కు ఎలక్ట్రాన్ విన్యాసం రాసుకోండి.

ఒకే మూలకానికి మొదటి, రెండో, మూడో అయనీకరణ శక్తులు వరసగా ఇచ్చి అది ఏ గ్రూపుదో (నిలువు వరసదో) చెప్పమంటే పెద్ద దూకుడు ఎక్కడుందో వెతకండి. 578, 1817, 2745, ఆ తర్వాత ఒక్కసారిగా 11577. మూడు ఎలక్ట్రాన్లు పోయాక లోపలి కర్పరం (ఎలక్ట్రాన్ల పొర) తగిలింది. అది 13వ గ్రూపు, అల్యూమినియం.

ప్రశ్న: మూడో పీరియడ్‌లో లోహ స్వభావం తగ్గుతుందని చూపించడానికి సోడియం, మెగ్నీషియం, అల్యూమినియంలను నీటితో చర్య జరిపించాం. మెగ్నీషియం వేయకముందే వేడి నీళ్లు, క్షారముంటే గులాబీ రంగు చూపే ఫినాఫ్తలీన్‌తో లేత గులాబీ రంగుకు తిరిగాయి. అల్యూమినియం ఎంతసేపటికీ కదల్లేదు. పిల్లలు ‘అల్యూమినియం బంగారం లాంటిదా సార్’ అంటున్నారు.
– హైస్కూలు ఉపాధ్యాయుడు, చంద్రగిరి

జవాబు: ముందు గులాబీ రంగు సంగతి. మీరు వాడింది బోరు నీళ్లయితే అందులో బైకార్బొనేట్లు ఉంటాయి. చల్లగా ఉన్నంతసేపు కరిగిన కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ను కిందికి పట్టి ఉంచుతుంది. వేడి చేస్తే అది బుడగలుగా పోతుంది, బైకార్బొనేట్ కొంత కార్బొనేట్‌గా మారుతుంది, పీహెచ్ 8.3 దాటుతుంది. ఫినాఫ్తలీన్ రంగు తిరిగేది సరిగ్గా అక్కడే. బట్టల సోడాతో కడిగి సరిగా తొలవని బీకరు కూడా ఇదే పని చేస్తుంది. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడండి. దాంతోపాటు లోహం ఏమీ వేయని బీకరు ఒకటి పక్కన పెట్టి, దాన్నీ అంతే వేడి చేయండి. ఆ బీకరు లేకుండా చేస్తే ఈ ప్రయోగం దేన్నీ రుజువు చేయదు.

మెగ్నీషియం రిబ్బన్ 4 సెంటీమీటర్లు చాలు. గరుకు కాగితంతో రెండు వైపులా మెరిసేదాకా రుద్దాలి. పాత రిబ్బన్ మీద బూడిద రంగు పొర ఉంటే చర్య మొదలే కాదు. 100 మి.లీ. నీటిలో మూడు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, చల్లటి నీళ్లలో ముందు చూపించండి. దాదాపు ఏమీ జరగదు. తర్వాత మరిగేదాకా వేడి చేసి దించిన నీళ్లలో వేయండి. సన్న బుడగలు లేస్తాయి, రిబ్బన్ చుట్టూ గులాబీ రంగు వస్తుంది. ఏర్పడిన మెగ్నీషియం హైడ్రాక్సైడ్ నీళ్లలో సరిగా కరగదు, రిబ్బన్ మీదే పొరగా పేరుకుంటుంది. అందుకే చర్య కాసేపటికి మందగిస్తుంది. అది ప్రయోగం చెడిపోయినట్టు కాదు.

సోడియం ముక్క పెసరగింజ కంటే పెద్దది కాకూడదు. ఆ పని ఉపాధ్యాయుడే చేయాలి. వెడల్పాటి తొట్టిలో లీటరు నీళ్లు, కళ్లద్దాలు, పిల్లలకూ తొట్టికీ మధ్య అద్దపు అడ్డు ఉండాలి. ముక్కను పటకారుతో తీసి, వడపోత కాగితంతో కిరోసిన్ అద్ది వేయండి. మూతి సన్నంగా ఉన్న సీసాలో ఎప్పుడూ వేయొద్దు, హైడ్రోజన్ లోపల నిలిచి పేలుతుంది. నీటి మీద పరిగెత్తే ముక్క పక్క గోడకు అతుక్కుపోయినా అంటుకుంటుంది, ఎందుకంటే వేడి ఒకే చోట పోగవుతుంది. సోడియం నిప్పంటుకుంటే పొడి ఇసుకే పోయాలి. నీళ్లు గానీ, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ గానీ పనికిరావు. మిగిలిన చిన్న తునకల్ని సింకులో పారేయకుండా నీరు ఏమాత్రం లేని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో, నిప్పుకు దూరంగా, కొద్దికొద్దిగా వేసి చర్య పూర్తికానివ్వండి.

ఇక అల్యూమినియం. అది బంగారం కాదు, చొక్కా కింద దాగిన చురుకైన లోహం. రుద్దిన మరుక్షణమే గాలిలో దాని మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర మళ్లీ ఏర్పడుతుంది. నీరు ఆ పొరను దాటలేదు. కాబట్టి వరసను చూపడానికి నీటికి బదులు 2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మి.లీ. తీసుకోండి. మెగ్నీషియం వేసిన వెంటనే బుసబుస పొంగుతుంది. అల్యూమినియం కాసేపు ఊరకే ఉండి, పొర కరిగాక మొదలుపెట్టి, క్రమంగా జోరందుకుంటుంది. ఆ ఆలస్యాన్ని పిల్లల చేతే గడియారంలో కొలిపించండి. ‘మొదట ఎందుకు ఆగింది’ అన్న ప్రశ్న వాళ్ల నోటనే వస్తుంది.

ప్రశ్న: ఎలక్ట్రాన్ అఫినిటీ (పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను చేర్చుకున్నప్పుడు విడుదలయ్యే శక్తి, మోల్‌కు కిలోజౌళ్లలో) ఫ్లోరిన్‌కు 328, క్లోరిన్‌కు 349. మరి ఫ్లోరిన్ ఎలా ఎక్కువ చురుకైనది?
– డిగ్రీ విద్యార్థి, పుత్తూరు

జవాబు: ఫ్లోరిన్ పరమాణువు చిన్నది. బయటి కర్పరంలో ఇప్పటికే ఏడు ఎలక్ట్రాన్లు ఇరుకుగా ఉన్నాయి. ఎనిమిదోదానికి స్వాగతం కాస్త తక్కువ. అయితే చురుకుదనాన్ని నిర్ణయించేది అదొక్కటే కాదు. ముందు అణువు విడిపోవాలి: ఫ్లోరిన్ బంధాన్ని తెంచడానికి 158 కిలోజౌళ్లు చాలు, క్లోరిన్ బంధానికి 242 కావాలి. ఆ తర్వాత చిన్న ఫ్లోరైడ్ అయాన్ చుట్టూ నీటి అణువులు చేరినా, అది స్ఫటికంలో కూర్చున్నా, విడుదలయ్యే శక్తి క్లోరైడ్ కంటే చాలా ఎక్కువ. మొత్తం కూడిక చేస్తే ఫ్లోరిన్‌దే పైచేయి.

ప్రశ్న: వెండి, బంగారం ఒకే గ్రూపు కదా. వెండి నల్లబడుతుంది, బంగారం నల్లబడదు. రంగులెందుకు వేరు? వెండి సామాన్లను అల్యూమినియం ఫాయిల్‌తో తెల్లగా చేయొచ్చంటున్నారు, నిజమేనా?
– నగల దుకాణంలో పనిచేసే పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఈ రెండు లోహాల్లో వింత ఒకటుంది. గ్రూపులో కిందికి పోతే పరమాణువు పెద్దదవ్వాలి. వ్యాసార్థం చూస్తే రాగి 128 పికోమీటర్లు (పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లవ వంతు), వెండి 144, మరి బంగారం? అదీ 144. మధ్యలో 14 లాంథనైడ్ మూలకాలు (పట్టిక అడుగున విడిగా చూపే వరస) వచ్చాయి. వాటి 4ఎఫ్ ఎలక్ట్రాన్లు కేంద్రకాన్ని సరిగా కప్పలేవు, కాబట్టి లాగుడు పెరిగి సైజు కుంచించుకుపోయింది. సైజు ఒకటే, బరువు మాత్రం దాదాపు రెట్టింపు. అందుకే సాంద్రత వెండికి 10.5, బంగారానికి 19.3. సైజులు సరిపోవడం వల్లే రెండూ ఏ పాళ్లలోనైనా కలిసిపోతాయి.

పసుపు రంగుకు కారణం కేంద్రకంలోని 79 ప్రోటాన్లు. వాటి లాగుడుకు అన్నిటికంటే లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి మించి తిరుగుతాయి. ఆ సాపేక్షతా ప్రభావం వల్ల 6ఎస్ ఆర్బిటాల్ కుంచించుకుని, శక్తిలో 5డి ఆర్బిటాళ్లకు దగ్గరవుతుంది. అప్పుడు నీలి కాంతి పీల్చుకోబడి, పసుపు మన కంటికి తిరిగొస్తుంది. వెండి పీల్చుకునేది అతినీలలోహిత కాంతిని, అది మనకు కనబడదు. కాబట్టి తెల్లగా మెరుస్తుంది. అయనీకరణ శక్తి కూడా వెండికి 731, బంగారానికి 890. ఎలక్ట్రాన్‌ను వదలడానికి బంగారం అంత సులువుగా ఒప్పుకోదు. 22 క్యారెట్ల నగ కాస్త మసకబారితే అది మిగతా 8.4 శాతం రాగి, వెండి పని.

ఫాయిల్ పద్ధతి నిజమే. వెండి మీది నలుపు సిల్వర్ సల్ఫైడ్. స్టీలు గిన్నె అడుగున ఫాయిల్ పరిచి, దాని మీద వెండి సామాను తగిలేలా పెట్టి, లీటరు మరిగిన నీళ్లలో రెండు టేబుల్ స్పూన్ల వంట సోడా, ఒక స్పూను ఉప్పు కలిపి పోయండి. వంట సోడా ఫాయిల్ మీది ఆక్సైడ్ పొరను కరిగిస్తుంది, అల్యూమినియం ఎలక్ట్రాన్లనిస్తుంది, సల్ఫైడ్ మళ్లీ వెండిగా మారుతుంది. కుళ్లిన గుడ్డు వాసన కొద్దిగా వస్తే పని జరుగుతున్నట్టే. ఐదు నిమిషాలు చాలు. ఫలితం రాకపోతే చాలాసార్లు కారణం వెండి ఫాయిల్‌కు తగలకపోవడమే. చింతపండుతో గట్టిగా తోమితే నలుపుతో పాటు వెండి కూడా కొంత అరుగుతుంది, ఇక్కడ ఆ నష్టం తక్కువ. కానీ లోపల లక్క నింపిన నగలు, ముత్యాలు, రాళ్లు పొదిగినవి, కావాలని నల్లమెరుగు పెట్టిన ఆక్సిడైజ్డ్ పని ఇందులో వేయొద్దు.

ప్రశ్న: మా బోరు నీటి పరీక్షలో ఫ్లోరైడ్ లీటరుకు 2.1 మిల్లీగ్రాములని వచ్చింది. మరిగించి తాగితే చాలా? కుళాయి నీళ్ల క్లోరిన్ వాసన మరిగిస్తే పోతుంది కదా.
– గృహిణి, పలమనేరు

జవాబు: చాలదమ్మా, మరిగిస్తే ఇంకా పెరుగుతుంది. క్లోరిన్ నీటిలో ఎగిరిపోగల రూపంలో ఉంటుంది. ఫ్లోరైడ్ ఉప్పులా అయాన్ రూపంలో ఉంటుంది, ఆవిరితో పాటు పోదు. 10 లీటర్లు మరిగి 8 లీటర్లయితే 2.1 కాస్తా 2.6 అవుతుంది. భారతీయ ప్రమాణం ప్రకారం 1.0 లోపు ఉండాలి, వేరే నీటి వసతి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. మీ నీళ్లు రెండూ దాటాయి.

ఫ్లోరైడ్ అయాన్ వ్యాసార్థం 133 పికోమీటర్లు, హైడ్రాక్సైడ్ అయాన్ సైజుకు చాలా దగ్గర. అందుకే పళ్లు, ఎముకల ఖనిజంలో హైడ్రాక్సైడ్ చోటును తేలికగా ఆక్రమిస్తుంది. 181 పికోమీటర్ల క్లోరైడ్‌కు ఆ చోట అంత సులువుగా పట్టదు.

ఆర్‌ఓ యంత్రం ఫ్లోరైడ్‌ను బాగా తగ్గిస్తుంది. యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్ కూడా పనిచేస్తుంది, కానీ పీహెచ్ 5.5 ప్రాంతంలో ఉత్తమంగా పనిచేసే పదార్థం అది. క్షారత ఎక్కువున్న బోరు నీళ్లలో త్వరగా అలసిపోతుంది. ఏది పెట్టించినా, బయటికొచ్చే నీళ్లను అప్పుడప్పుడూ పరీక్ష చేయించండి, రుచిని బట్టి ఫ్లోరైడ్ తెలియదు. పటిక, సున్నంతో చేసే నల్లగొండ పద్ధతి ఊరుమ్మడి ట్యాంకులకు అనువైనది. క్షారతను బట్టి మోతాదు మారుతుంది కాబట్టి ఇంట్లో అంచనాగా వేయకండి.

ప్రశ్న: పిల్లాడు గాలియం ఆన్‌లైన్‌లో తెప్పించాడు. గట్టి లోహమని రాశారు, మే నెలలో డబ్బాలో నీళ్లలా ఉంది. మోసమా?
– శ్రీకాళహస్తి

జవాబు: మోసం కాదు. గాలియం కరిగేది 29.8 డిగ్రీల వద్ద. మన ఎండాకాలంలో రాత్రిపూట కూడా గది అంతకంటే వేడిగా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెడితే గడ్డకడుతుంది, గడ్డకట్టేటప్పుడు వ్యాకోచిస్తుంది కాబట్టి గాజు సీసాలో నిండుగా పోయొద్దు. అల్యూమినియం గిన్నె, ఫోను, కిటికీ ఫ్రేము దరిదాపులకు పోనివ్వకండి. రేణువుల మధ్య చొరబడి ఆ లోహాన్ని పెళుసుగా మార్చేస్తుంది.

ప్రశ్న: గ్రూపులో కిందికి సాంద్రత పెరగాలి కదా, పొటాషియం (0.86) సోడియం (0.97) కంటే తేలికేం?
– టెన్త్ విద్యార్థి, నగరి

జవాబు: భాగహారం చేసి చూడు. 23 గ్రాముల సోడియం 23.7 ఘన సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. 39 గ్రాముల పొటాషియం సుమారు 45. బరువు 1.7 రెట్లు పెరిగితే, చోటు 1.9 రెట్లు పెరిగింది. రుబీడియం దగ్గర బరువు మళ్లీ ముందుకొచ్చి సాంద్రత 1.53 అవుతుంది.