వీసీబీతో నడిచే 6.6 కేవీ మోటార్‌కి అరెస్టర్ ఒక్కటే చాలదు

మోటార్‌ని వీసీబీ (వాక్యూమ్ సర్క్యూట్ బ్రేకర్) ఆన్-ఆఫ్ చేస్తుంది, ప్యానెల్‌లో సర్జ్ అరెస్టర్లు (వోల్టేజ్ హద్దు దాటితే కోసేవి) ఉన్నాయి, ఇంకా ఆర్‌సీ స్నబ్బర్ (కెపాసిటర్, రెసిస్టర్ జోడీ) దేనికని అడిగారు. స్టార్టింగ్ కరెంట్ 600 ఆంప్స్ లోపుండే మోటారైతే తప్పకుండా పెట్టండి.

అందరూ కరెంట్ చాపింగ్ (కరెంట్ సహజంగా సున్నాకి రాకముందే బ్రేకర్ దాన్ని తెంచేయడం) గురించే భయపడతారు. రాగి-క్రోమియం కాంటాక్టులున్న నేటి వీసీబీలు సాధారణంగా 3 నుంచి 5 ఆంప్స్ దగ్గర చాప్ చేస్తాయి, అది అరెస్టర్ చూసుకునే పనే. మోటార్‌ని చంపేది రీఇగ్నిషన్, అంటే ఆరిన ఆర్క్ మళ్లీ రగలడం. తిరిగే దిశ చూడ్డానికి ఆన్ చేసి, వేగం అందుకోకముందే ట్రిప్ కొడతారే, సరిగ్గా అప్పుడు. బ్యాక్ ఈఎంఎఫ్ (మోటార్ తిరుగుతూ పుట్టించే ఎదురు వోల్టేజ్) ఇంకా పుట్టలేదు. కరెంట్ సున్నాకి రావడానికి అర మిల్లీసెకను ముందు కాంటాక్టులు విడివడ్డాయనుకోండి, గ్యాప్ మిల్లీమీటరు కూడా ఉండదు. కరెంట్ ఆగుతుంది, వోల్టేజ్ ఎగబాకుతుంది, ఆర్క్ మళ్లీ రగులుతుంది. ఆ హై ఫ్రీక్వెన్సీ కరెంట్‌ని కూడా వాక్యూమ్ తెంచేస్తుంది. మళ్లీ వోల్టేజ్, ఈసారి ఇంకా పైకి. చూస్తుండగానే ఇది పదేపదే జరుగుతుంది. ప్రతిసారీ నిటారైన వేవ్ ఒకటి కేబుల్ వెంట వచ్చి మొదటి కాయిల్ చుట్ల మీద పడుతుంది. అరెస్టర్ ఆ వేవ్ ఎత్తునే కోస్తుంది, నిటారుతనాన్ని ముట్టుకోదు. దాన్ని తగ్గించేది స్నబ్బరే. ఐఈసీ 60034-15 ప్రమాణం ప్రకారం ఈ మోటార్ కాయిల్ 1.2/50 ఇంపల్స్‌కి (1.2 మైక్రోసెకన్లలో శిఖరానికి ఎక్కి, 50లో సగానికి దిగే పరీక్ష వేవ్) 31 కేవీ తట్టుకోవాలి, 0.2 మైక్రోసెకన్ ఫ్రంట్‌కి 20 మాత్రమే.

స్నబ్బర్‌లో ఫేజ్‌కి 0.1 నుంచి 0.25 మైక్రోఫారడ్, దానికి సిరీస్‌లో 25 నుంచి 50 ఓమ్‌ల నాన్-ఇండక్టివ్ రెసిస్టర్ ఉండాలి. ఓమ్‌లు కేబుల్ సర్జ్ ఇంపెడెన్స్‌కి (నిటారైన వేవ్‌కి కేబుల్ చూపే ఓమ్‌లు) దగ్గరగా ఎంచుకోండి. దాన్ని మోటార్ టెర్మినల్స్ దగ్గరే పెట్టాలి. మంచి స్నబ్బర్ కొని, రెండు మీటర్ల లీడ్లు చుట్టచుట్టి కలిపే పద్ధతి చూస్తే ఒళ్లు మండుతుంది. మీటరు తీగకి సుమారు 1 మైక్రోహెన్రీ. 0.2 మైక్రోసెకన్‌లో 500 ఆంప్స్ పెరిగితే ఆ ఒక్క మీటరు మీదే 2.5 కేవీ లేస్తుంది.

ఎర్త్ ఫాల్ట్ రిలే సెట్టింగ్ కూడా సరిచూడండి. 50 హెర్ట్జ్‌లో 0.25 మైక్రోఫారడ్ ఫేజ్‌కి 0.3 ఆంప్స్ తీసుకుంటుంది. న్యూట్రల్ ఎర్తింగ్ హై రెసిస్టెన్స్ అయితే, ఇంకో ఫీడర్‌లో ఫాల్ట్ వచ్చినప్పుడు మీ సీబీసీటీకి (మూడు ఫేజ్‌లనీ కలిపి చుట్టి ఎర్త్ ఫాల్ట్ కరెంట్ చూసే సీటీ) 0.9 ఆంప్స్ వరకూ కనిపించి, మంచి మోటార్ ఉత్తపుణ్యానికి ట్రిప్ అవుతుంది. బస్ మీద వీఎఫ్‌డీలు (మోటార్ వేగం మార్చే డ్రైవ్‌లు) ఉంటే హార్మోనిక్స్‌తో రెసిస్టర్ వేడెక్కుతుంది, దాని వాటేజ్ పెంచండి. మెగ్గర్ (ఇన్సులేషన్ టెస్టర్) వేసే ముందు స్నబ్బర్‌ని డిశ్చార్జ్ చేసి విప్పేయండి, లేకపోతే రీడింగ్ వైండింగ్‌ది కాదు.