టెన్నిస్ సరే, ట్రాన్‌స్క్రిప్ట్ సంగతేంటి?

చి. అమ్ములూకి పెదనాన్న ఆశీస్సులు.

నీ మ్యాచ్ వీడియోలు మీ నాన్న పంపాడు. ఆట గురించి చెప్పడానికి మీ కోచ్ ఉన్నాడు కాబట్టి నేను చదువు సంగతే రాస్తున్నా. మా పిల్లలిద్దరికీ ఈ ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల రికార్డు) కాగితాల పనంతా నేనే చూశాను.

అమెరికా కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఆడాలంటే, ఆ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ వాళ్లు నీ రిపోర్ట్ కార్డు మీది జీపీఏ (గ్రేడ్ల సగటు) చూడరు. తొమ్మిదో తరగతి నుంచి 16 కోర్ కోర్సులు (ముఖ్యమైన సబ్జెక్టులవి) ఏరి, వాటికే విడిగా లెక్క కడతారు. ఇంగ్లిష్ నాలుగేళ్లు, ఆల్జీబ్రా వన్ నుంచి లెక్కలు మూడేళ్లు, సైన్స్ రెండేళ్లు, సోషల్ రెండేళ్లు తప్పనిసరి. మిగతావి వీటిలోంచో, స్పానిష్ లాంటి భాషల్లోంచో నింపుకోవచ్చు. పీఈలో (ఆటల క్లాసులో) ఎన్ని ‘ఏ’లు వచ్చినా దండగే. బీ ప్లస్‌కీ బీ మైనస్‌కీ ఒకటే పాయింట్లు.

కనీస జీపీఏ నాలుగుకి 2.3, దాని కింది స్థాయి డివిజన్ టూ అయితే 2.2. ఇంతేనా అని నవ్వకు. అది గుమ్మం మాత్రమే, లోపలికి రానివ్వాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. పన్నెండో తరగతి మొదలయ్యేలోపు 10 కోర్సులు అయిపోవాలి. అందులో 7 ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్‌వే ఉండాలి. ఆ పదింటి గ్రేడ్లు ఇక మారవు. సీనియర్ ఇయర్‌లో (పన్నెండులో) మళ్లీ చదివి పెంచుకుంటానంటే డివిజన్ వన్ లెక్కలోకి రాదు. కెమిస్ట్రీలో సీ వచ్చిందన్నావుగా, దాన్ని సరిచేసుకోవాలంటే పదకొండు తర్వాత వచ్చే సమ్మరే ఆఖరి అవకాశం. టోర్నమెంట్లన్నీ కూడా అప్పుడే ఉంటాయి, ఏం చేస్తాం! ఆన్‌లైన్‌లో చేస్తే టీచర్‌తో మాట్లాడే ఏర్పాటున్న కోర్సే తీసుకో, నీ అంతట నువ్వు క్లిక్ చేసుకుంటూ పోయేవి ఒప్పుకోరు.

నువ్వు తొమ్మిది విజయవాడలో చదివావు కాబట్టి ఆ మార్కులూ అడుగుతారు. అది బోర్డు పరీక్ష కాదు, ఇంటర్నెట్‌లో దొరకదు. స్కూలు స్టాంపు, హెడ్మాస్టర్ సంతకం ఉన్న షీటు ఇప్పుడే తెప్పించమని అమ్మమ్మకి చెప్పు.

శాట్ (కాలేజీ ప్రవేశ పరీక్ష) గురించి టెన్షన్ వద్దు. 2023 నుంచి ఎన్‌సీఏఏకి అక్కర్లేదు. కాలేజీ అడిగితే అది వేరే విషయం.

ఎన్‌సీఏఏలో అర్హత చూసే విభాగం ఎలిజిబిలిటీ సెంటర్, దాని సైట్‌లో మీ స్కూల్ పేరు కొడితే ఒప్పుకున్న కోర్సుల జాబితా వస్తుంది. ప్రింట్ తీసి, నీ షెడ్యూల్ పక్కన పెట్టి, జాబితాలో లేనివాటికి ఎర్ర గీత కొట్టి, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు. ఆ ఫోటో నాకూ వాట్సాప్ చెయ్యి.

పెద్దమ్మ అడిగినట్టు చెప్పమంది.

మీ పెదనాన్న