కౌలు కాగితం రాసుకునే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

పక్కనున్న నాలుగు పొలం చెక్కలూ కౌలుకు తీసుకుంటున్నానని రాశావు, సంతోషం. కౌలు ఎంతో రాశావు గానీ ఎన్నేళ్లకో రాయలేదు. నా టెన్షన్ అంతా దాని గురించే.

యూరియా వేస్తే ఫలితం ఆ పంటలోనే కనబడుతుంది. పశువుల ఎరువు అలా కాదు, వేసిన ఏడు కొంత, ఆ తర్వాత రెండు మూడేళ్లు కొంత ఇస్తుంది. వచ్చే ఏడు పొలం ఎవరిదో తెలియనివాడు దాన్నెందుకు తోలతాడు? అతన్ని తప్పుపట్టలేం. ఈశాన్య చైనా పల్లెల్లో పరిశోధకులు ఇదే చూశారు. ఊళ్లో భూములు మళ్లీ పంచినప్పుడు చేజారుతుందన్న భయం ఉన్న చెక్కలకు రైతులు సేంద్రియ ఎరువు తగ్గించారు, రసాయన ఎరువు మాత్రం తగ్గించలేదు. ఘానాలో అయితే, నేల తమ చేతిలోంచి పోదన్న ధీమా ఉన్నవాళ్లు దాన్ని ఎక్కువకాలం బీడుగా వదిలి, తర్వాత ఎక్కువ పండించుకున్నారు.

నేనూ మొదట్లో ఏ ఏడుకి ఆ ఏడే కౌలు చేశాను. నాలుగో ఏటికి తడిపెట్టి ఆరితే చాలు, నేల పైన చెక్కు కట్టేది. యూరియా పెంచుతూ పోయాను, గింజ పెరగలేదు. ఆ పొలం గుర్తొస్తే ఇప్పటికీ బాధే.

కాబట్టి కౌలు కాస్త ఎక్కువైనా సరే, ఐదేళ్లకు తగ్గకుండా రాయించుకో. ఫ్రాన్స్‌లో మామూలు సాగు కౌలుకు చట్టమే కనీసం 9 ఏళ్లు పెట్టింది. బ్రిటన్‌లో 1883 చట్టం, కౌలుదారు నేలను బాగుచేసి వెళ్తే దానికి పరిహారం పొందే హక్కు ఇచ్చింది. నీ కాగితంలోనూ అలాంటి మాట ఉండాలి. అందుకని పొలంలో దిగే ముందే మట్టి పరీక్ష చేయించు. పై 15 సెంటీమీటర్ల మట్టి తీసి సేంద్రియ కర్బనం, ఉదజని సూచిక (pH), లవణాలు చూపించు. ఆ రిపోర్టు మీద యజమానీ నువ్వూ ఇద్దరూ సంతకం పెట్టండి. వదిలేటప్పుడు అదే లోతులో, అదే కాలంలో మళ్లీ చేయిస్తే నువ్వు చేసిన మేలు కాగితం మీద కనబడుతుంది.

నాలుగు చెక్కలూ కలిపితే ట్రాక్టర్ మలుపులు తగ్గుతాయి, డీజిల్ మిగులుతుంది. అది నిజమైన లాభమే. అలాగని గట్లన్నీ చదును చేయకు. వాలుకు అడ్డంగా ఉన్న గట్టు పోతే గట్టి వాన ఒక్కటి చాలు, పైమట్టి కొట్టుకుపోవడానికి. అంతా ఒకే పంట కూడా వేయకు, ఒక చెక్కలో ఎప్పుడూ పప్పుజాతి పైరు ఉండనీ. మొదటి ఏడు పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి 45-50 రోజులకు, పూత మొదలయ్యేసరికి కలియదున్ను.

సంతకం పెట్టకముందు కాగితం నకలు నాకు పంపు. పొలం వాలు ఎటుందో కూడా గీసి పంపితే, ఏ గట్టు ఉంచాలో చెబుతాను.

మీ పెదనాన్న