సీరియల్లో హీరో తాగే టీ మనకూ ఎందుకు తాగాలనిపిస్తుంది?

నచ్చిన పాత్ర మన చేత ఒక టీని మొదటిసారి తాగించగలదు, ఆ తర్వాత పని నాలుకదే. కారణం సులువే. ఆ పాత్ర ప్రతిసారీ అదే కప్పు పట్టుకుంటుంటే, ఆ మనిషి నిదానం, దర్జా ఆ టీకి కూడా అంటుకుంటాయి. పేరు ముందే చెవిన పడి ఉంటుంది కాబట్టి మెనూలో కనిపించగానే వేలు అక్కడే ఆగుతుంది.

బెంగళూరు దర్శిని హోటల్లో నిలబడి బై టూ కాఫీ తాగే మన తెలుగు కుర్రాళ్లు కెఫేకి వెళ్లి ఎర్ల్ గ్రే టీ అడగడం ఇలాంటిదే. 1987లో మొదలైన ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ అనే అమెరికన్ అంతరిక్ష సీరియల్లో వ్యోమనౌక కెప్టెన్ పికార్డ్, అడిగింది తయారుచేసిచ్చే యంత్రం ముందు నిలబడి ‘టీ, ఎర్ల్ గ్రే, హాట్’ అంటాడు. అంతే, పొగలు కక్కే కప్పు ప్రత్యక్షం!

చాలామంది పొరబడేది ఎక్కడంటే, ఎర్ల్ గ్రే ఏదో ప్రత్యేకమైన తేయాకు అనుకుంటారు. కొందరైతే ఆ సీరియలే దాన్ని పుట్టించిందనుకుంటారు. నిజానికి అది మామూలు బ్లాక్ టీయే. నిమ్మజాతి పండు బెర్గమాట్ తొక్క నూనెతో దానికి వాసన పట్టిస్తారు. ఆ పేరు 1830-34 మధ్య బ్రిటన్ ప్రధానిగా ఉన్న చార్లెస్ గ్రేదని చెబుతారు. మన అల్లం టీలా పాలు పోసి మరగకాస్తే ఆ వాసన అణిగిపోతుంది. వేడినీళ్లలో మూడు నాలుగు నిమిషాలు నాననిస్తే చాలు. అప్పటికీ సబ్బు వాసనలా అనిపిస్తే (కొందరికి అనిపిస్తుంది), పికార్డ్ మొహం చూసి రెండో కప్పు తాగక్కర్లేదు.