టీనేజ్ మొటిమలు: రెండు వారాల్లో తగ్గకపోతే క్రీమ్ మార్చేయాలా?

మార్చక్కర్లేదు, టీనేజ్ మొటిమలకు స్కిన్ డాక్టర్ రాసిన క్రీమ్ ప్రభావం సరిగ్గా కనిపించడానికి మామూలుగానే 8 నుంచి 12 వారాలు పడుతుంది. ఈ వయసులో హార్మోన్ల వల్ల చర్మంలో నూనె ఎక్కువగా ఊరి, మృతకణాలతో కలిసి రంధ్రాలను మూసేస్తుంది. ఇవాళ పైకి కనిపించే మొటిమ లోపల కొన్ని వారాల కిందటే మొదలై ఉంటుంది, కాబట్టి క్రీమ్ ముఖ్యంగా అడ్డుకునేది ఇక రాబోయేవాటినే. ఉదాహరణకు, మొటిమలకు డాక్టర్లు రాసే అడాపలీన్ అనే క్రీమ్‌నే చూడండి. రాత్రిపూట బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పల్చగా రాయాలి, మొటిమ మీద మాత్రమే చుక్క పెడితే సరిపోదు. మొదటి కొన్ని వారాలు చర్మం పొడిబారి, పొట్టు లేచి, మొటిమలు ఇంకా ఎక్కువైనట్టు కూడా అనిపించొచ్చు, చాలామంది పిల్లలు (టెన్షన్‌లో తల్లిదండ్రులు కూడా) ట్యూబు పక్కన పడేసేది సరిగ్గా అప్పుడే. మంట ఎక్కువగా ఉంటే రోజు విడిచి రోజు రాయొచ్చేమో డాక్టర్‌ని అడగండి.

ఇక మురికి వల్లే మొటిమలొస్తాయనుకుని మాటిమాటికీ ముఖం కడిగించేవాళ్లు చాలామంది, అది తప్పు. రోజుకు రెండుసార్లు మైల్డ్ ఫేస్‌వాష్ చాలు, స్క్రబ్‌తో రుద్దితే వాపు పెరుగుతుంది. గడ్డల్లా లేచి నొప్పి పుడుతున్నా, మచ్చలు పడుతున్నా మాత్రం 12 వారాలు ఆగకుండా వెంటనే మళ్లీ చూపించండి.