నాచు పసుపు పడితే చచ్చినట్టేనా?

ప్రశ్న: పాకాల చెరువు కింద రెండెకరాల వరి సార్, మాది నర్సంపేట దిక్కు. నాటేసిన పది రోజులకు నీలి ఆకుపచ్చ నాచు చల్లిన. మొదట మంచిగ కమ్మింది, ఇప్పుడు పాలిపోయి పసుపు పడుతున్నది. మడిలో నీళ్లున్నయ్. నాచు ఉన్నది కదా అని ఈసారి డీఏపీ మానేసిన. నాచు చచ్చిందా? యూరియా వేస్తే లేస్తదా?

జవాబు: అన్నా, పసుపు పడినంత మాత్రాన చచ్చినట్టు కాదు. నాచును లేపడానికని యూరియా మాత్రం చల్లకండి.

ఇది ఎండతో తిండి తయారుచేసుకునే బ్యాక్టీరియా. దాని నీలి రంగు ఫైకోసయనిన్ అనే మాంసకృత్తు, వెలుతురును పట్టేది అదే, కరువొస్తే గాదెలో గింజల్లా అక్కరకొచ్చేదీ అదే. పోషకం అయిపోతే ఆ రంగును లోపలే కరిగించి వాడుకుంటుంది, పెరగడం ఆపేసి గ్లైకోజెన్ అనే పిండిపదార్థం దాచుకుని పడుకుంటుంది. ల్యాబులో నత్రజని లేక పూర్తిగా పసుపు పడిన సినెకోసిస్టిస్ అనే రకానికి నైట్రేట్ ఇస్తే, ముందు ఆ దాచుకున్నది ఖర్చుపెట్టి, రెండు రోజుల్లో మళ్లీ పచ్చబడుతుంది. ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యమే.

మీ మడిలోని నాస్టాక్, అనబీనా రకాలు ఇంకో అడుగు ముందున్నాయి. నత్రజని తగ్గితే పూసల దండ లాంటి వాటి గొలుసులో సుమారు పది కణాలకు ఒకటి, దాదాపు ఒక్క రోజులోనే, మందపాటి గోడ కట్టుకుని గాలిలోని నత్రజనిని పట్టడం మొదలుపెడుతుంది. యూరియా దండిగా దొరికితే ఆ పని మానేస్తుంది. నత్రజని వాటికి గాలిలోనే దొరుకుతుంది కాబట్టి నా అనుమానం భాస్వరం మీద. అది గాలిలో దొరకదు, నేలే ఇవ్వాలి, మీరేమో భాస్వరం ఇచ్చే డీఏపీ ఆపారు.

రెండు గాజు సీసాల్లో మడి నీళ్లు, కొంచెం నాచు వేసి, ఒకదాంట్లో మాత్రం సూపర్ ఫాస్ఫేట్ నాలుగు పలుకులు కలిపి, నేరుగా ఎండ తగలని వెలుతురులో వారం ఉంచండి. అదొక్కటే పచ్చబడితే భాస్వరం కొరతే. అప్పుడు మడిలో కొద్దిగా సూపర్ చల్లవచ్చు. వచ్చే పంటకు మట్టి పరీక్ష చేయించి దమ్ములోనే వేయండి.

వరికి యూరియా వేరే సంగతి, ఆకు రంగు చూసి వేయాల్సిందే. నాచు బాగా పెరిగినా ఇచ్చేది హెక్టారుకు 20–30 కిలోల నత్రజని, అంటే ఎకరాకు అర బస్తా యూరియా అంత.

కోతలయ్యాక నేల మీద ఎండిన నాచు పొరలను మాత్రం పారేయకండి. వాటిలో మందపాటి పెంకు కట్టుకున్న కణాలుంటాయి, వానాకాలం నీళ్లు తగిలితే మళ్లీ మొలకెత్తుతాయి.